గతం కంటే ముందు ఒంటితో పని

ఎవరైనా గొంతు పెంచితే చాలు, నాకు చేతులు చల్లబడిపోయేవి. ఆ కోపం నా మీద కాకపోయినా సరే. ముప్పై దాటాక కూడా అదే వరస. రాత్రిళ్లు నిద్ర ఉండదు, ఎవరైనా మెచ్చుకుంటే అనుమానం, చిన్న పొరపాటుకే రోజుల తరబడి నన్ను నేను తిట్టుకోవడం. డిప్రెషన్ అనుకుని సైకియాట్రిస్టును కలిశాను. మందులతో నిద్ర వచ్చింది గానీ భయం పోలేదు. ఆయనే థెరపిస్టు దగ్గరికి పంపారు.

చిన్నప్పుడు ఇంట్లో కొట్టేవారా, అవమానించేవారా, ఏడిస్తే దగ్గరికి తీసుకునేవాళ్లు ఉండేవారా అని ఆవిడ అడిగారు. "అందరిళ్లలో ఉండేదే కదండీ" అన్నాను. తన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అనే మాట అదేనట. 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిటీ, రాబర్ట్ ఆండా బృందం ప్రచురించిన అధ్యయనం గురించి చెప్పారు. బాల్యంలో నాలుగు రకాలు, అంతకు మించి చేదు అనుభవాలున్నవాళ్లకు డిప్రెషన్, మద్యం వ్యసనం, ఆత్మహత్యాయత్నం లాంటి ముప్పులు, అవేవీ ఎరగనివాళ్లకంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. అది ముప్పే తప్ప నుదుటిరాత కాదనీ గట్టిగా చెప్పారు. ఆ రెండో మాట పట్టుకునే మళ్లీ వెళ్లాను.

జరిగిందంతా చెప్పించుకుంటారేమోనని హడలిపోయాను. అలా జరగలేదు. మొదటి నెలలన్నీ ఒంటితోనే పని. భయం మొదలయ్యేది దవడలోనా, కడుపులోనా? అది గమనించడం, పాదాలు నేలకు ఆనించి గదిలో కనిపించేవాటి పేర్లు పైకి చెప్పుకోవడం, ఊపిరి మెల్లగా వదలడం. ఇదంతా ఎందుకని విసుగొచ్చేది. ఏళ్ల తరబడి భయంలో పెరిగితే మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగం, అమిగ్డాలా, చిన్న అలికిడికే ఉలిక్కిపడటం నేర్చుకుంటుందట, ఒత్తిడి హార్మోన్ల తీరూ మారుతుందట. ఒంటికి నెమ్మది నేర్పకుండా పాత గాయం రేపితే మళ్లీ అదే నరకం చూడాల్సి వస్తుందన్నారు.

ఆ తర్వాతే జ్ఞాపకాల జోలికి వెళ్లాం, అదీ ఒక్కొక్కటిగా. ఏడుపు వస్తుందనుకుంటే కోపం వచ్చింది. కన్నవాళ్ల మీద కోపమేమిటని సిగ్గుపడ్డాను కూడా. "పెద్దవాళ్లు కదా, క్షమించెయ్" అనేవాళ్లకు ఒకటే మనవి: దయచేసి తొందరపెట్టకండి. దెబ్బలు తిన్న మనిషి మీద అది మరో బరువు. నా థెరపిస్టు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు, ఆ నిర్ణయం నాకే వదిలేశారు.

నేనింకా క్షమించలేదు. ఫోన్ మాత్రం చేస్తాను. అరుపులు మొదలైతే "తర్వాత మాట్లాడదాం నాన్నా" అని పెట్టేస్తాను.