రివ్యూలో కరిగిపోయిన అప్పీలు గడువు

నిన్న సాయంత్రం మావయ్య గోపాలపట్నం నుంచి మా ఆఫీసుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో జడ్జిమెంటు సర్టిఫైడ్ కాపీ. నేను తీర్పు చదవలేదు. ముందు కాపీ మీది ముద్ర వెతికాను: అప్లికేషన్ పెట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ, చేతికిచ్చిన తేదీ. విశాఖ కోర్టులో 19 ఏళ్లుగా వకీలు గుమస్తాని, కళ్లు అక్కడికే పోతాయి. తీర్పొచ్చి ఎనిమిది నెలలు. అప్పీలు వెయ్యలేదు. నా గుండె జారిపోయింది.

"రివ్యూ ఏసేం కదమ్మా. కేసు ఇన్న జడ్జిగారికే మళ్లీ చెప్పుకుంటే తప్పేటి?" అన్నాడు.

తప్పని కాదు. ఆ దారి చాలా ఇరుకు. సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్, 47వ ఆర్డరు ప్రకారం, ఎంత జాగ్రత్తగా వెతికినా అప్పట్లో దొరకని కొత్త ఆధారం ఉండాలి. లేదా రికార్డు తెరవగానే కనిపించే తప్పుండాలి, లేదా ఆ కోవకే చెందిన బలమైన కారణం. గంటసేపు వాదిస్తే గానీ తేలని తప్పు అందులోకి రాదు. రివ్యూ అంటే ముసుగేసుకున్న అప్పీలు కాదని తుంగభద్ర ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది. ఇక సర్వే నంబరు టైపు చెయ్యడంలోనో, కూడికలోనో పొరపాటైతే రివ్యూ కూడా అక్కర్లేదు. అదే కోడ్ 152వ సెక్షన్ కింద ఎప్పుడైనా సరిచేయించుకోవచ్చు.

మావయ్యది 40 గజాల జాగా తగాదా. జడ్జిగారు మా సాక్షిని నమ్మలేదు, జాగా చూసి రమ్మని కోర్టు పంపిన కమిషనర్ రిపోర్టుని పక్కన పెట్టారు. అది అన్యాయమనే నా నమ్మకం. కానీ సాక్ష్యాన్ని మళ్లీ తూచాల్సింది పై కోర్టు.

రివ్యూలో కొత్త ఆధారమని పెట్టింది 1998 నాటి ఇంటిపన్ను రశీదు. అత్తయ్య ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల మధ్య దొరికిందట. మడిచిన చోట చిరిగితే వెనక టేపు అంటించారు. "మీ ఇంట్లోనే ఉన్న కాగితం దావా నడిచినప్పుడు ఎందుకు వెయ్యలేదు?" అని జడ్జిగారు అడిగితే మావయ్య దగ్గర జవాబు లేదు. తీర్పొచ్చిన ఏడో నెలలో రివ్యూ కొట్టేశారు. ఆ కొట్టివేత మీద అప్పీలుండదు, రెండో రివ్యూ ఉండదు.

జిల్లా కోర్టులో అప్పీలుకి 30 రోజులు, హైకోర్టుకైతే 90. కాపీకి పట్టిన రోజులు మినహాయిస్తారు. రివ్యూకీ 30 రోజులే. రివ్యూ నడుస్తోంది కదాని అప్పీలు గడువు ఆగదు. ఈ ఒక్క ముక్క మావయ్యకి ఎవరూ చెప్పలేదు, నాకు కడుపు మండేది అక్కడే. దావా పోయిన మనిషి కోర్టు మెట్లు దిగేలోపే కాపీ అప్లికేషన్ పెట్టించాలి, తప్పు ఏ రకానిదో ఆ వారంలోనే తేల్చుకోవాలి.

ఇప్పుడు మిగిలింది అసలు తీర్పు మీద అప్పీలు, దాంతోపాటు ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్. రివ్యూ మీద నిజాయితీగా తిరిగామన్నది కారణంగా చూపించొచ్చు, ఒప్పుకోవడం కోర్టు ఇష్టం. రాత్రి తొమ్మిదిదాకా కూర్చుని అఫిడవిట్ టైపు చేశాను. లెక్కేస్తే ఆలస్యం 192 రోజులు.

సంతకం పెట్టే ముందు మావయ్య అడిగాడు, "ఇన్నాళ్లూ నేను ఊరికే కూకోలేదని రాసేవా?"

రాశానని, ఆ పేరా చదివి వినిపించాను.