గుండె ఆపరేషన్ కన్నా పన్ను పీకించుకోవడమే కష్టమైంది

ఇంటికొచ్చి 12 రోజులైంది. ఛాతీ మీద కుట్లు ఇంకా లాగుతున్నాయి. అయినా మనసులో మంట చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

నాకు 34 ఏళ్ళు. ఆరో తరగతిలో గొంతునొప్పి వచ్చి తగ్గింది. రెండు మూడు వారాలకు మోకాలు వాచింది, అది తగ్గుతుండగానే చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి. కీళ్ళవాత జ్వరం అన్నారు. 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించమన్నారు. నొప్పులు పోయాయి కదా అని రెండేళ్ళకే మానేశాం. గొంతులో చేరిన క్రిముల మీద ఒళ్ళు చేసే యుద్ధమే గుండె కవాటాన్ని కూడా దెబ్బతీస్తుందనీ, ఆ ఇంజెక్షన్లు మళ్ళీ ఆ జ్వరం రాకుండా కాపాడేవనీ ఇన్నేళ్ళకు తెలిసింది. రెండో కాన్పులో ఏడో నెల నుంచి పడుకుంటే ఊపిరాడేది కాదు. రక్తం తక్కువని టానిక్ రాసి పంపారు. గుండె మీద స్టెతస్కోపు పెట్టి ఒక్క నిమిషం విన్నవాళ్ళు లేరు.

ఈ ఏడాది గుండె దడ మొదలైంది. ఎకో అనే గుండె స్కానులో, గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు (కవాటం) దారి 0.9 చదరపు సెంటీమీటర్లే ఉందని తేలింది. మామూలుగా 4 నుంచి 6 ఉండాలట. సున్నం పేరుకుని గట్టిపడింది, లీకూ ఉంది కాబట్టి బెలూన్‌తో దారి వెడల్పు చేయడం పనికిరాదు, వాల్వు మార్చాల్సిందే అన్నారు. గుండె లయ తప్పడంతో లోపల రక్తం గడ్డకట్టకుండా ఆసిట్రామ్ అనే మాత్ర మొదలుపెట్టారు. ఎన్టీఆర్ వైద్యసేవలో అనుమతి తొందరగానే వచ్చింది.

ఆపరేషన్‌కు ముందు పళ్ళ డాక్టరు సంతకం కావాలన్నారు. నాకు కింది దవడలో రెండు పుచ్చుపళ్ళు. వాటిలోని క్రిములు రక్తంలోకి దిగి కొత్త వాల్వు మీద గూడు కడితే ప్రాణాల మీదికొస్తుందట. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఎప్పుడో పీకించుకునేదాన్ని.

పళ్ళ ఓపీలో డాక్టరు నా చీటీ చూసి, వరసలో ఉన్నవాళ్ళందరూ వినేలా అరిచాడు. "ఆసిట్రామ్ మింగుతూ పన్ను పీకమని వస్తావా? రక్తం ఆగక నువ్వు పోతే సమాధానం ఎవరు చెప్తారు? గుండె డాక్టరు దగ్గర రాయించుకు రా!" పక్కన మా అమ్మ. ఆవిడ కొంగుతో మొహం దాచుకుంది. గుండె విభాగానికి వెళ్తే, "పీకాలా వద్దా వాళ్ళే చూసుకోవాలి. మాత్ర మాత్రం నీ అంతట నువ్వు ఆపకు, గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది" అన్నారు. ఒకరి గది నుంచి ఇంకొకరి గదికి నాలుగుసార్లు తిరిగాను. మెట్లెక్కితే ఆయాసంతో కూలబడే మనిషిని. తొమ్మిది రోజులు పోయాయి. మా ఆయన కూలి పోయింది. ఇద్దరు డాక్టర్లు ఫోనులో రెండు నిమిషాలు మాట్లాడుకుంటే తెగే పనికి రోగిని కాగితం మోసే మనిషిని చేశారు. ఇది తప్పు. ఎంత పెద్ద డాక్టరైనా తప్పే.

చివరికి పళ్ళ విభాగంలోనే ఓ హౌస్ సర్జన్ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, తన ఫోన్ నుంచే గుండె విభాగానికి ఫోన్ చేసింది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష అదే రోజు చేయించింది, 2.4 వచ్చింది. మందు ఆపక్కర్లేదంది. ముందుగా యాంటీబయాటిక్ మాత్రలు మింగించి, పళ్ళు పీకి కుట్లేసి, గాజుగుడ్డ కరిచిపట్టుకోమంది. అరగంటలో రక్తం ఆగిపోయింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

ఆపరేషన్ బాగా జరిగింది. నాకు పెట్టింది తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో పుట్టిన మన దేశపు వాల్వు. 1990లో మొదటిసారి మనిషికి అమర్చారట. ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఆకుకూరలు ఆసిట్రామ్ పనిని తగ్గిస్తాయట, అయినా పూర్తిగా మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినమన్నారు.

మీలో ఎవరికైనా వాల్వు ఆపరేషన్ రాసుంటే, పళ్ళ పని మొదటి రోజే మొదలుపెట్టండి. గుండె డాక్టరుతో ఉత్తినే "పీకవచ్చు" అని రాయించుకుంటే చెల్లదు. ఏ మందు ఎంత మోతాదు, ఐఎన్ఆర్ ఎంతలోపు ఉంటే పీకవచ్చు, ముందు ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలి, సందేహం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇవన్నీ ఉండాలి. నేను ఇవే తెలుగులో వరసగా రాసి వార్డులో పెట్టుకున్నాను. డిశ్చార్జ్ అయ్యేలోపు నలుగురు ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నారు. ఒకామెకు నిన్ననే పళ్ళ సంతకం అయిందట, ఒక్క తిరుగుడుకే.