అమ్మ శ్రుతికి కీబోర్డు: కడపలో మా ఇంటి రికార్డింగ్ డైరీ

మార్చి చివరి వారం

అటక మీది నుంచి చిన్నప్పటి కీబోర్డు దించాను. 61 కీలది, పదో తరగతి అయిపోయాక నాన్న కొనిచ్చాడు. దుమ్ము తుడుస్తుంటే వెనకవైపు ఐదు రంధ్రాల గుండ్రటి సాకెట్లు రెండు కనబడ్డాయి. ఒకదాని మీద ఇన్, ఇంకోదాని మీద అవుట్. ఇన్నేళ్లూ వాటి జోలికే పోలేదు.

అమ్మ పాడే మంగళహారతులు, పెళ్లి పాటలు ఈ ఏడాది ఎట్లాగైనా రికార్డు చెయ్యాలని పట్టుబట్టాను. అమ్మకు 67 నిండాయి. పుస్తకంలో రాసుకున్నవి తక్కువ, నోటికి వచ్చినవే ఎక్కువ. వెనక హార్మోనియం ఉంటే తనకు బాగుంటుందంటుంది. మా ఇంటి హార్మోనియం రీడ్లు ఎప్పుడో పాడైనాయి.

ఆ సాకెట్లు మిడివి, అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే పద్ధతికి. మిడి నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ తెప్పించాను. కేబుల్ మీద ఇన్ అని ఉన్న పిన్నును కీబోర్డు ఇన్‌లో, అవుట్ అని ఉన్నదాన్ని అవుట్‌లో పెట్టి సాయంత్రమంతా కూర్చున్నాను. లాప్‌టాప్ ఉలకదు, పలకదు. రాత్రి పడుకోబోయే ముందు తట్టింది: ఆ రాత కంప్యూటర్ వైపు నుంచి రాసింది. కీబోర్డు అవుట్‌లోంచి వచ్చేది కేబుల్ ఇన్‌లోకే పోవాలి. రెండూ మార్చి పెట్టాక, కీ నొక్కినప్పుడల్లా కేబుల్ మీది చిన్న లైటు మినుక్కుమంది. మీకూ ఇదే జరిగితే భయం లేకుండా మార్చి చూడండి, ఏమీ కాలిపోదు.

లైటు వెలిగింది గానీ శబ్దం లేదు. మిడి తీగలో శబ్దం పోదు. స్వరాలు రాసిన నోటు పుస్తకం లాంటిది అది, దాన్ని చూసి పాడేవాళ్లు వేరే ఉండాలి. ఏ కీ నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, ఇట్లాంటివే పోతాయి. మధ్య స్థాయి సి కీకి నంబరు 60. నొక్కిన వేగానికి 1 నుంచి 127 దాకా అంకెలు. 1983లో వచ్చిన పద్ధతి ఇది. పాతికేళ్లు అటక మీద పడుకున్న కీబోర్డు నిన్న కొన్న లాప్‌టాప్‌తో ఇంకా మాట్లాడగలుగుతోందంటే, దీన్ని తయారు చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఏప్రిల్ మొదట్లో

లాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. 60 రోజులు ఊరికే వాడి చూసుకోవచ్చు. మిడి రాతను చూసి పలికే వాయిద్యపు శబ్దాల ఫైలును సౌండ్‌ఫాంట్ అంటారు. ఉచితంగా దొరికే హార్మోనియం సౌండ్‌ఫాంట్ ఒకటి, వీణది ఒకటి దించుకున్నాను. వీణ మీద వాయిస్తే ప్రతి మీటూ ఒకేలా వస్తోంది. రికార్డయిన స్వరాలను తెర మీద తెరిచి చూస్తే వేగం గీతలన్నీ ఒకే ఎత్తు. గట్టిగా కొట్టినా, మెల్లగా తాకినా అదే అంకె. మా పాత కీబోర్డుకు వేలి ఒత్తిడి తెలియదన్నమాట. ఇక కొత్తది చూడక తప్పలేదు.

ఎన్ని కీలు కావాలో కాగితం మీద లెక్క వేసుకున్నాను. అమ్మ శ్రుతి ఒకప్పుడు ఐదున్నర, ఇప్పుడు నాలుగున్నర. అంటే తన షడ్జం (స) ఎఫ్ షార్ప్, మిడి లెక్కలో 54. మంద్ర పంచమం (కింది స్థాయి ప) 49, తార పంచమం (పై స్థాయి ప) 73. 25 కీల చిన్న కీబోర్డు మామూలుగా 48 నుంచి 72 దాకా ఉంటుంది. పై పంచమం ఒక్కటే బయటికి పోతుంది! దానికి స్థాయి (ఆక్టేవ్) మార్చే బటన్ ఉంటుంది నిజమే, కానీ అమ్మ పైస్థాయికి ఎత్తుకునే క్షణంలో బటన్ కోసం వెతుక్కోలేను. 88 కీలది పియానో నేర్చేవాళ్లకు సరే, మా గదిలో మంచమే జరపాల్సి వస్తుంది. 49 చాలనుకున్నాను.

ఏడురోడ్ల దగ్గరా, వైవీ స్ట్రీట్‌లోనూ అడిగి చూశాను. సొంత శబ్దం, తాళాలు ఉండే కీబోర్డులే చూపించారు. సొంత శబ్దం లేకుండా మిడి మాత్రమే పంపే ఉత్త కంట్రోలర్ దొరకలేదు. బెంగళూరులో ఉన్న చిన్నాన్న కొడుకు ఒకటి వాడినది ఉందని చెబితే రాత్రి బస్సెక్కి పోయి, నా వేళ్లతో నేనే చూసుకుని తెచ్చుకున్నాను. 49 కీలు, 6,500 రూపాయలు. ఇట్లాంటివి ఫొటో చూసి కొనకండి. ఒకే కీని ఇరవైసార్లు, ప్రతిసారీ కొంచెం కొంచెం గట్టిగా నొక్కుతూ పోతే అంకెలు కూడా మెట్లెక్కినట్టు పెరగాలి. కొన్ని కీలు 40 నుంచి ఒక్కసారిగా 110కి దూకుతాయి, వాటితో వేగలేం. స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్‌కు చక్రం ఉండాలి, వదిలితే మధ్యకు దానంతటదే రావాలి. పెడల్ సాకెట్ ఉండాలి. డ్రైవర్ అడగకుండా యూఎస్‌బీ పెట్టగానే కంప్యూటర్ గుర్తుపట్టాలి.

ఏప్రిల్ 20 తర్వాత

హార్మోనియంకు కూడా వేలి ఒత్తిడే కావాలని నేను అనుకున్నది తప్పయింది. అసలు హార్మోనియంలో కీ ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు, పెరిగేది తిత్తి వల్ల. ఆ తిత్తి పని చెయ్యాల్సింది పిచ్ బెండ్ పక్కనున్న రెండో చక్రం. దాన్ని 11వ నంబరు కంట్రోలుకు, అంటే ఎక్స్‌ప్రెషన్‌కు కలిపాను. కుడిచేత్తో స్వరాలు, ఎడమచేత్తో చక్రం మెల్లగా పైకీ కిందికీ. మా తాత తిత్తి వేసినప్పుడు ఎడమ భుజం కదిలేది. నా బొటనవేలు అదే లయలో కదలడం మొదలుపెట్టాక గానీ అది హార్మోనియంలా వినబడలేదు.

వేణువుకు ఎడమచెయ్యి పిచ్ బెండ్ మీద ఉండాలి. అమ్మ మంగళం మధ్యమావతిలో పాడుతుంది. అందులో రిషభం, నిషాదం ఊగకుండా నిలబడితే రాగం కట్టెలా ఉంటుంది. మామూలు కంట్రోళ్లకు 128 మెట్లుంటే పిచ్ బెండ్‌కు 16,384 ఉన్నాయి, అందుకే జారుడు నున్నగా వస్తుంది. చాలా వాయిద్యాల్లో అది పైకి రెండు అర స్వరాలు, కిందికి రెండు అర స్వరాలు జరుపుతుంది (పక్కపక్క కీల మధ్య తేడా ఒక అర స్వరం). రిషభం ఊపుకు, అంటే కంపితానికి అంత అక్కర్లేదు, చక్రాన్ని పావు వంతు కదిపితే చాలు. వారం రోజులు రిషభం ఒక్కటే సాధన చేశాను.

కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా రావడం ఇంకో తలనొప్పి. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా (శాంపిళ్లుగా) పోగుచేసి పంపే తావు బఫర్. అది 1024 శాంపిళ్లుంటే, సెకండుకు 44,100 శాంపిళ్ల రేటులో 23 మిల్లీసెకండ్లు అక్కడే పోతాయి. మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, ఆలస్యం తగ్గించే దాని ఏషియో డ్రైవర్ వేశాక బఫర్‌ను 128కి దించాను, 3 మిల్లీసెకండ్ల లోపు. నా లాప్‌టాప్ అక్కడ చిటపటలాడింది. 256 దగ్గర సర్దుకుంది.

మే నెల

గొంతు రికార్డు చెయ్యడమే అన్నిటికంటే కష్టం. తెలిసినవాళ్ల దగ్గర కండెన్సర్ మైకు అడిగి తెచ్చి, దానికి కరెంటు ఇచ్చే 48 వోల్టుల బటన్ నొక్కి అమ్మను కూర్చోబెట్టాను. హారతి పాట కంటే పక్కింటి మిక్సీ, మా ఫ్యాను, వీధిలో మామిడికాయల బండి ముందు వినబడ్డాయి. దానికి తోడు గది మోత. మాది కడప బండలు పరిచిన ఇల్లు. నేల బండ, అలమర్లలో అరలు బండ, వంటగట్టు బండ. ఎండాకాలం కాలికి చల్లగా ఉండే ఆ నల్ల బండే మైకుకు అద్దం. నడి గదిలో చప్పట్లు కొట్టి చూస్తే చివర ఒక సన్నని గణగణ సాగుతుంది. ఎంత ఖరీదు మైకు తెచ్చినా దాన్నీ పట్టుకుంటుంది.

అందుకని రెండు మార్చాను. ఆ కండెన్సర్ మైకు బదులు షూర్ ఎస్ఎం58 మైకు, డైనమిక్ రకం. దానికి 48 వోల్టులు అక్కర్లేదు, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెడితే దూరం శబ్దాలు బాగా తగ్గిపోతాయి. మైకు శబ్దాన్ని పెంచే మీట, అంటే గెయిన్, మాత్రం ఎక్కువ తిప్పాలి. ఇక గది: బట్టల బీరువా ఉన్న చిన్న గదిలోకి మారాం. బీరువా తలుపులు తెరిచి చీరలు అమ్మ ఎదురుగా, వెనక గోడకు పరుపు నిలబెట్టి, నేల మీద రెండు బొంతలు. మళ్లీ చప్పట్లు కొట్టాను. గణగణ పోయింది. ఈ ఏర్పాటుకు ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు, దీనంత పని చేసింది నేను కొన్నవాటిలో ఏదీ లేదు.

ఫ్యాను ఆపితే మే నెలలో పది నిమిషాలు కూర్చోలేం. తెల్లవారి ఐదు గంటలకు పెట్టుకున్నాం. లాప్‌టాప్ చార్జర్ తగిలించి ఉంటే సన్నగా హమ్ వస్తుంది, తీసేసి బ్యాటరీ మీద నడిపితే పోతుంది. మీటరు మైనస్ 12 డెసిబెళ్లు దాటకుండా చూసుకుంటే అమ్మ ఎత్తుకున్నప్పుడు కూడా రికార్డింగులో శబ్దం పగలదు.

టక్ టక్ మనే క్లిక్‌కు అమ్మ పాడలేదు. "ఆ చప్పుడు నా ఎనకాల తరుముతాండాది పాపా" అనింది. నిజమే, ఆ పాటలకు ఊపిరే తాళం. క్లిక్ తీసేసి చెవుల్లో తంబూర మాత్రం పెట్టాను, ఒక చెవి తెరిచి. ముందు తన గొంతు, తర్వాత నేను విని హార్మోనియం.

ఒక హారతికి ముందురోజే నాలుగున్నరకు హార్మోనియం వాయించి ఉంచాను. పొద్దున అమ్మ గొంతు అక్కడికి లేవలేదు. ఇబ్బంది పడుతూనే పాడబోతుంటే ఆపి, నా స్వరాలన్నీ ఎంచుకుని ఒక్క అర స్వరం కిందికి జరిపాను. నాలుగు శ్రుతి. తిత్తి ఊపు, వదిలిన తావులు, ఏదీ చెదరలేదు. రికార్డయిన గొంతును అట్లా జరిపితే సహజత్వం పోతుంది. మిడి రాత కాబట్టి ఎన్నిసార్లు దించినా వాయిద్యం కొత్తగానే పలుకుతుంది. అమ్మ హెడ్‌ఫోన్ సర్దుకుని "ఇప్పుడు సరిపాయ" అని ఆపకుండా మొత్తం పాడింది. ఆ రోజు నాకు ఆఫీసులో కూడా అదే వినబడుతూ ఉండింది.

జూన్ రెండో ఆదివారం

ఏడు పాటలు పూర్తయ్యాయి. ప్రతి పాటకు గొంతు, మిడి, కలిపినది వేర్వేరుగా దాచి, ఇంకో హార్డ్‌డిస్కులో కూడా పెట్టాను.

మామ చెక్కభజన చెక్కలు తీసుకొచ్చాడు. గదిలో ఒక్క దెబ్బకే మీటరు ఎర్రబడింది. గెయిన్ సగానికి దించినా చెక్క చప్పుడు, గజ్జెల చప్పుడు కలిసి ముద్దయిపోయాయి. వరండాలోకి పోయి ఆరడుగుల దూరంలో మైకు పెట్టి, ఆయన్ను కొంచెం పక్కకు తిప్పి నిలబెడితే రెండూ విడివిడిగా వినబడ్డాయి. వచ్చే వారం ఇంకో ఇద్దరిని తీసుకొస్తానన్నాడు.

రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మ ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. "మూడో పాటలో ఒక చరణం ఇడిసిపెట్టినా. మా యమ్మ పాడేది. ఇప్పుడు గ్యాపకమొచ్చె. రేపు ఐదుకు లేపు."

పరుపు మళ్లీ గోడకు నిలబెట్టి వచ్చాను.