సబ్‌వర్షన్ వదిలి గిట్‌కి: మా పదకోశం కాంట్రిబ్యూటర్ గైడ్ తిరగరాసిన అనుభవం

మాది చిన్న ప్రాజెక్టు, తెలుగు అక్షరదోషాలు పట్టే హన్‌స్పెల్ పదకోశం. లిబ్రేఆఫీస్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ తప్పు మాట కింద ఎర్ర గీత పడేది ఈ హన్‌స్పెల్ వల్లే. అందులో ముఖ్యమైన ఫైళ్ళు రెండు. ఒకటి మాటల జాబితా ఉండే డిక్ ఫైలు, రెండోది ప్రత్యయాల సూత్రాలుండే యాఫ్ ఫైలు. మాటలు చేర్చేవాళ్ళలో ఎక్కువమంది గోదావరి డెల్టా వాళ్ళే. భీమవరం, కాకినాడల్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు, పాలకొల్లు, అమలాపురం వైపు రిటైరైన తెలుగు మాస్టార్లు. సార్వా, దాళ్వా, లాకు, పంటు, ఏటిగట్టు లాంటి మాటలు జాబితాకెక్కింది వాళ్ళ చలవే. రిపోజిటరీ, అంటే ఫైళ్ళూ వాటి మార్పుల చరిత్రా ఉండే చోటు, ఏళ్ళ తరబడి సబ్‌వర్షన్‌లో ఉండేది. సబ్‌వర్షన్, గిట్ రెండూ ఫైళ్ళలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే పనిముట్లు. గిట్‌కి మారాక, మాటలు చేర్చేవాళ్ళకి దారి చెప్పే గైడ్ బాధ్యత నాకు వచ్చింది.

మార్పిడి గురించి రెండు ముక్కలు చాలు. గిట్ ఎస్‌వీఎన్ పనిముట్టుతో, ట్రంక్, బ్రాంచెస్, ట్యాగ్స్ ఉన్న మామూలు అమరికకి సరిపడే స్టాండర్డ్ లేఅవుట్ ఆప్షన్ పెట్టి చరిత్రంతా తెచ్చాం. సబ్‌వర్షన్‌లో కమిట్ (నమోదు చేసిన మార్పు) పక్కన యూజర్ పేరొక్కటే ఉంటుంది, గిట్‌కి పేరూ ఈమెయిలూ రెండూ కావాలి. అందుకని ఏ యూజర్ పేరు ఎవరిదో చెప్పే ఆథర్స్ ఫైలు ముందే తయారుచేసుకోవాలి. ఈమెయిల్ ఒకసారి చరిత్రలోకి వెళ్ళాక తీయాలంటే చరిత్రంతా తిరగరాయాల్సిందే. కాబట్టి ఏ చిరునామా వేయాలో ఎవరికి వాళ్ళని అడగాలి. బయటపెట్టడం ఇష్టంలేని వాళ్ళకి, మా గిట్ రిపోజిటరీ ఉండే గిట్‌హబ్ సైటు ఇచ్చే నోరిప్లై చిరునామా ఉండనే ఉంది.

గైడ్ అనగానే అందరికీ తట్టేది ఎడమవైపు పాత కమాండు, కుడివైపు కొత్త కమాండు ఉన్న పట్టిక. మా ముసాయిదాలోనూ అదే ఉండేది, దాన్ని చివరి పేజీకి నెట్టేశాను. పట్టిక చూసి పనిచేసేవాళ్ళు కమిట్ దగ్గరే ఆగిపోతారు. సబ్‌వర్షన్‌లో కమిట్ కొడితే పని నేరుగా సర్వర్‌కి చేరేది. గిట్‌లో కమిట్ మన కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది, పుష్ చేస్తే (సర్వర్‌కి పంపితే) గానీ ఎవరికీ కనపడదు. మాస్టార్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే: “బాబూ, నేను ఎక్కించేశానండీ, మీకు రాలేదా?” అందుకని గైడ్‌లో ప్రతి మెట్టు చివరా ‘ఇప్పుడు మీ పని ఎక్కడుంది’ అని ఒక వాక్యం పెట్టాను. యాడ్ తర్వాత: మీ కంప్యూటర్‌లో, కమిట్‌కి సిద్ధంగా. కమిట్ తర్వాత: ఇంకా మీ కంప్యూటర్‌లోనే. పుష్ తర్వాత: గిట్‌హబ్‌లో మీ ఫోర్క్‌లో (మీ ఖాతాలో ఉండే సొంత నకలులో). పుల్ రిక్వెస్ట్ (మార్పుని కలుపుకోమనే విన్నపం) తర్వాత: మా ముందు. పట్టిక కంటే ఈ వాక్యాలే ఎక్కువ పనిచేశాయి.

రివర్ట్ ఇంకా ప్రమాదం. సబ్‌వర్షన్‌లో రివర్ట్ అంటే ఇంకా కమిట్ కాని మార్పుల్ని పారేయడం. గిట్‌లో రివర్ట్ పాత కమిట్‌ని తలకిందులు చేసి కొత్త కమిట్ పుట్టిస్తుంది. పాత అలవాటుకి సమానమైనది గిట్ రిస్టోర్. అది 2019లో 2.23 వెర్షన్‌తో వచ్చింది. కాలేజీ ల్యాబుల్లో అంతకన్నా పాత గిట్ కూడా తగులుతుంది కాబట్టి, ముందు వెర్షన్ చూసుకోమని మొదటి మెట్టులోనే రాశాను.

ఇక అసలు తలనొప్పి, కాన్‌ఫ్లిక్టులు, అంటే ఒకే చోటుని ఇద్దరు వేర్వేరుగా మార్చడం. డిక్ ఫైలు మొదటి లైన్లో మొత్తం మాటల సంఖ్య ఉంటుంది. సబ్‌వర్షన్ రోజుల్లో అప్‌డేట్ కొట్టి, నాలుగు మాటలు చేర్చి, సంఖ్య మార్చి, వెంటనే కమిట్ చేసేవాళ్ళు. మధ్యలో వేరేవాళ్ళు దూరే వ్యవధి తక్కువ. పుల్ రిక్వెస్ట్ అలా కాదు, సమీక్ష కోసం రోజుల తరబడి ఆగుతుంది. ఈలోగా ఇంకొకటి మెర్జ్ అయితే (అసలు ఫైళ్ళలో కలిస్తే) మొదటి లైను దగ్గర గొడవ దాదాపు ఖాయం, ఎందుకంటే ప్రతి ఒక్కరూ తాకే లైను అదే. కొత్త మాటలన్నీ ఫైలు చివర పడేసే అలవాటుతోనూ ఇదే జరుగుతుంది. ఇది గైడ్‌లో ‘జాగ్రత్త’ అని రాస్తే పోయేది కాదు, ఫైళ్ళ అమరికే మారాలి. జాబితాని అక్షరానికో ఫైలుగా విడగొట్టాం. డిక్ ఫైలుని బిల్డ్ స్క్రిప్ట్ కూరుస్తుంది, సంఖ్య కూడా అదే వేస్తుంది. డిక్ ఫైలు ఇప్పుడు గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోని ఫైళ్ళ జాబితాలో ఉంది. గైడ్‌లో దీని గురించి మిగిలింది ఒక్క వాక్యం: మాటని దాని వరసలోనే చేర్చండి.

ఆ ‘వరస’ ఏమిటో మాత్రం వివరంగా చెప్పాలి. మేం వాడేది యూనికోడ్ అంకెల వరస. అందులో సున్నా, అంటే అనుస్వారం, అచ్చులకీ హల్లులకీ ముందుంటుంది. కాబట్టి పడవ కంటే ముందు పంటు, లాకు కంటే ముందు లంక. పొల్లు గుణింతపు గుర్తులన్నిటి తర్వాత వస్తుంది. అందుకే క్రమం, క్షేత్రం రెండూ కౌలు తర్వాత, క ఫైలు చివరికి చేరతాయి. ‘క్ష’కి విడిగా ఫైలు లేదు. వర్ణమాల చివర ‘క్ష’ చదువుకున్నవాళ్ళు దాన్ని హ, ళ ల తర్వాత వెతుకుతారు, ఆ వెతకడంలో తప్పేమీ లేదు. సార్టింగ్ స్క్రిప్టుని, లొకేల్ (కంప్యూటర్ భాషా సెట్టింగు) ఏదో చెప్పే ఎల్‌సీ ఆల్ విలువ సీ గా పెట్టి నడపమని గైడ్‌లో ఉంది. ఆ ఒక్కటి మర్చిపోతే ఒక్కో కంప్యూటర్ తన లొకేల్ ప్రకారం ఒక్కోలా వరస పెడుతుంది. అప్పుడు నాలుగు మాటల మార్పుకి డిఫ్‌లో (పాతకీ కొత్తకీ తేడా చూపించే చోట) ఫైలంతా ఎర్రగా పచ్చగా కనపడుతుంది.

ఫైళ్ళకి క, వ అని తెలుగు పేర్లే పెట్టుకున్నాం. దాంతో స్టేటస్ కొట్టగానే ‘వ’ బదులు \340\260\265 అని కనపడుతుంది. చూసినవాళ్ళు ఫైలు పాడైందనుకుని మళ్ళీ క్లోన్ చేస్తారు, అంటే రిపోజిటరీ మొత్తం తిరిగి దించుకుంటారు. పాడవడమేమీ లేదు. ఇంగ్లీషేతర పేర్లని గిట్ బైట్ల అంకెలుగా చూపించడం డీఫాల్టు. కోర్ డాట్ కోట్‌పాత్ విలువని ఫాల్స్‌గా పెడితే ‘వ’ ‘వ’ గానే కనపడుతుంది. విండోస్‌లో డిఫ్ చూసేటప్పుడు తెలుగు బదులు కోణపు బ్రాకెట్లలో అంకెలు వస్తే అది గిట్ తప్పు కాదు, పేజీలు చూపించే లెస్ ప్రోగ్రాముది. లెస్‌చార్‌సెట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి యూటీఎఫ్-8 అని ఇవ్వాలి. ఈ రెండూ ‘సమస్యలు’ అధ్యాయంలో ఉంటే ఎవరూ అంతదాకా చదవరు. అందుకే పేరు, ఈమెయిల్ సెట్ చేసే మెట్టులోనే కలిపేశాను.

కంటికి కనపడని సమస్య ఇంకొకటుంది. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట, వ కలిసిపోకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు ఉంటుంది, అది ఉండాల్సిందే. కొన్ని కీబోర్డులు మాట చివర పొల్లు తర్వాత కూడా దాన్ని వదిలేస్తాయి. చూడ్డానికి ఒకే మాట, గిట్‌కి మాత్రం రెండు వేర్వేరు లైన్లు. సబ్‌వర్షన్‌లో దీన్ని సర్వర్ మీదున్న ప్రీ కమిట్ హుక్ (కమిట్‌కి ముందు తనంతట తనే నడిచే స్క్రిప్టు) పట్టుకుని కమిట్‌ని తిప్పికొట్టేది, చేర్చేవాళ్ళు ఏమీ పెట్టుకోనక్కర్లేదు. గిట్‌లో హుక్స్ క్లోన్‌తో పాటు రావు. స్క్రిప్టుని రిపోజిటరీలోనే ఒక ఫోల్డర్‌లో పెట్టి, కోర్ డాట్ హుక్స్‌పాత్‌ని అటు తిప్పుకోమని చెప్పాలి. చెప్పినా సగంమంది తిప్పరు. అదే స్క్రిప్టు పుల్ రిక్వెస్ట్ వచ్చినప్పుడు సీఐలో (సర్వర్ మీద తనంతట తనే జరిగే తనిఖీలో) కూడా నడుస్తుంది. ఎర్ర గుర్తు పడితే ఏం చెయ్యాలో గైడ్‌లో విడిగా ఉంది.

ప్రాపర్టీల విషయం. సబ్‌వర్షన్‌లో లైన్ ఎండింగ్‌ల సెట్టింగు ఫైలుకి ప్రాపర్టీగా అంటుకుని ఉంటుంది, గిట్‌కి మారితే అది రాదు. గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్లో లైను చివరి గుర్తు ఎల్‌ఎఫ్ అని రాసి, యాడ్ రీనార్మలైజ్ ఒకసారి నడిపి, ఆ మార్పుని విడి కమిట్‌గా పెట్టాం. మాటల మార్పుతో కలిపితే సమీక్ష అసాధ్యం.

సమీక్షలో దిద్దుబాట్లు అడిగినప్పుడు రీబేస్ (తమ కమిట్లని తాజా చరిత్ర మీద తిరిగి పేర్చడం) చెయ్యమని అడగకూడదన్నది నా అభిప్రాయం. పదకోశానికి మాట ఇచ్చే మనిషికి రీబేస్ నేర్పడం దండగ పని. అదే బ్రాంచిలో (తమ మార్పుల కోసం తీసిన విడి పాయలో) ఇంకో కమిట్ చేసి పుష్ చెయ్యమంటాం, మెర్జ్ చేసేటప్పుడు మేమే స్క్వాష్ చేస్తాం, అంటే ఆ కమిట్లన్నిటినీ ఒక్కటి చేస్తాం. దీనికో మెలిక ఉంది. స్క్వాష్ అయ్యాక మెయిన్‌లో (ముఖ్య బ్రాంచిలో) ఉండేది కొత్త కమిట్, వాళ్ళ బ్రాంచిలోవి పాతవి. అదే బ్రాంచిలో పని కొనసాగిస్తే తర్వాతి పుల్ రిక్వెస్ట్‌లో పాత కమిట్లు మళ్ళీ తేలతాయి, ఒక్కోసారి కాన్‌ఫ్లిక్ట్ కూడా అవుతాయి. కాబట్టి ప్రతి విడతకీ అప్‌స్ట్రీమ్ (అసలు రిపోజిటరీ) మెయిన్ తాజాగా తెచ్చుకుని కొత్త బ్రాంచి తీయాలి. అసలు గిట్ వద్దనుకునే మాస్టార్లకి ఇంకో దారి పెట్టాం. గిట్‌హబ్ పేజీలో పెన్సిల్ గుర్తు నొక్కి, మాట చేర్చి, ప్రతిపాదించడమే. అక్షరానికో ఫైలు ఉండబట్టి అది కుదిరింది.

నెట్ సంగతి డెల్టాలో విడిగా చెప్పాలి. లంక గ్రామాల్లో చాలామందికి ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. సబ్‌వర్షన్ చెకౌట్ మధ్యలో తెగితే క్లీనప్ కొట్టి అప్‌డేట్ ఇస్తే మిగతాది తెచ్చుకుంటుంది. గిట్ క్లోన్ తెగితే మళ్ళీ మొదటికే. గైడ్‌లో రెండు దారులు రాశాం. డెప్త్ 1 ఆప్షన్‌తో చివరి కమిట్ ఒక్కటే తెచ్చుకుని, నెట్ బాగున్నప్పుడు ఫెచ్ అన్‌షాలో కొట్టి మిగతా చరిత్ర తెచ్చుకోవడం ఒకటి. రెండోది బండిల్. బండిల్ క్రియేట్‌కి ఆల్ ఆప్షన్ ఇస్తే మొత్తం రిపోజిటరీ ఒక్క ఫైలవుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఇవ్వచ్చు, తెగినా ఆగినచోటి నుంచి దించుకోవచ్చు. బండిల్ నుంచి క్లోన్ చేశాక రిమోట్ సెట్ యూఆర్‌ఎల్‌తో ఆరిజిన్‌ని అసలు చిరునామాకి మార్చాలి. మార్చకపోతే పుష్ ఆ బండిల్ ఫైలు వైపు చూసి విఫలమవుతుంది. ఇంకొకటి, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో కమిట్ మధ్యలో కరెంటు పోతే ఆబ్జెక్ట్ ఫైలు ఖాళీగా ఉందని ఎర్రర్ రావచ్చు. మరమ్మతులకి దిగకుండా, మార్చిన అక్షరాల ఫైళ్ళని పక్కకి కాపీ చేసుకుని కొత్తగా క్లోన్ చెయ్యడం మేలు. పుష్ చేసినదంతా గిట్‌హబ్‌లో భద్రమే.

లాగిన్ దగ్గర రెండు పాత అలవాట్లు ఇక చెల్లవు. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ కమాండ్ లైన్లో ఖాతా పాస్‌వర్డ్ తీసుకోదు, టోకెన్ గానీ ఎస్‌ఎస్‌హెచ్ కీ గానీ కావాలి. సబ్‌వర్షన్ క్లయింట్‌తోనే గిట్‌హబ్‌ని వాడుకునే సౌకర్యం ఒకప్పుడుండేది, 2024 జనవరిలో తీసేశారు.

పాత చర్చల్లోనూ కమిట్ సందేశాల్లోనూ ‘ఆర్ 1482 చూడండి’ లాంటివి కొల్లలు. ఆ ‘ఆర్’ అంకె సబ్‌వర్షన్‌లో కమిట్ వరస సంఖ్య. గిట్‌లో వరస అంకెలు లేవు, కమిట్‌ని గుర్తించే 40 అక్షరాల హ్యాష్‌లే. మార్పిడిలో నో మెటాడేటా ఆప్షన్ వాడకపోతే ప్రతి పాత కమిట్ సందేశం చివర గిట్ ఎస్‌వీఎన్ ఐడీ లైను మిగులుతుంది. అందులో ‘ఎట్’ గుర్తు తర్వాత పాత అంకె ఉంటుంది. లాగ్‌కి గ్రెప్ ఆప్షన్ ఇచ్చి ఎట్ గుర్తు, అంకె, ఆ తర్వాత ఖాళీ కలిపి వెతకాలి. ఖాళీ వదిలేస్తే 14820 కూడా దొరుకుతుంది.

గైడ్‌ని పరీక్షించడానికి ప్రాజెక్టు తెలియని డిగ్రీ విద్యార్థి చేత, పక్కన కూర్చుని నోరు మెదపకుండా, మొదటి నుంచి చేయించాం. ఫోర్క్‌ని కాకుండా అసలు రిపోజిటరీని క్లోన్ చేసి పుష్ దగ్గర అనుమతి లేదనిపించుకోవడం అప్పుడే బయటపడింది. ఇప్పుడు ఆ మెట్టులో రిమోట్ కమాండుకి వెర్బోస్ ఆప్షన్ ఇచ్చి, చిరునామాలో మీ యూజర్ పేరు ఉందో లేదో చూసుకోండి అని ఉంది. ఫైలుకి కాంట్రిబ్యూటింగ్ అనే పేరు పెట్టి రూట్ ఫోల్డర్‌లో ఉంచాం. పుల్ రిక్వెస్ట్ తెరిచేటప్పుడు గిట్‌హబ్ దాని లింకు తనే చూపిస్తుంది.

చివరిగా పాత సర్వర్. దాన్ని ఆపేయకుండా, స్టార్ట్ కమిట్ హుక్‌లో కొత్త చిరునామా స్టాండర్డ్ ఎర్రర్‌కి రాసి 1తో బయటకొచ్చేలా పెట్టాం. కబురు తెలియనివాళ్ళు పాత పద్ధతిలో కమిట్ కొడితే అది తిరస్కరణకి గురై, గైడ్ ఎక్కడుందో వాళ్ళ తెరమీదే కనపడుతుంది.