కాటి సుంకం

ఈస్టరుకు ముందు క్రైస్తవులు పాటించే శ్రమకాలం నడుస్తుండగానే మా ఊరి జాతర వచ్చింది. కళ్యాణదుర్గం దగ్గర పల్లె మాది. జాతరంటే రాత్రికి హరిశ్చంద్ర నాటకం ఉండాల్సిందే. "ఈ దినాల్లో నాటకమేంది?" అని మా చర్చి సంఘపెద్ద ఒకాయన గొణిగినా, మా నాయన చాప చంకన పెట్టుకుని బయల్దేరాడు. వెనకాలే నేను.

కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము మూడైంది. మా వైపు హరిశ్చంద్రుడు ఒక్కడు కాదు, సీనుకొకడు. మంచి గొంతున్నవాణ్ణి కాటికి దాచిపెడతారు. అతను శ్మశానం పద్యం ఎత్తుకోగానే పడుకున్నవాళ్లు కూడా లేచి వన్స్ మోర్ అన్నారు. ఆ పద్యాలు బలిజేపల్లి వారి నాటకంలోవి కావు, గుర్రం జాషువావి. అంటరానితనాన్ని అనుభవించిన కవి, క్రైస్తవుడు, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నవాడు. ఈ మాట సంఘపెద్దకు చెప్పాలనిపించింది. చెప్పలేదు.

పాము కరిచి చచ్చిపోయిన లోహితాస్యుణ్ణి చేతుల మీద మోసుకుని చంద్రమతి వస్తుంది. కాటికాపరి సుంకం అడుగుతాడు. ఆమె దగ్గర కాసు లేదు. మెడలో తాళి ఉంది కదా అంటాడు. ఆ తాళి భర్త కళ్లకు తప్ప కనబడదు. అప్పుడు తెలుస్తుంది, అడుగుతున్నది ఎవరో, చేతుల్లో ఉన్నది ఎవరి బిడ్డో. తెలిశాక కూడా హరిశ్చంద్రుడు సుంకం వదలడు. అది తనది కాదు, యజమాని వీరబాహుడిది. మాఫీ చేసే హక్కు లేదు, తానే కడదామంటే చేతిలో చిల్లిగవ్వ లేదు. సొంత బిడ్డ శవం ముందు ఆ రాజు నిలబడిపోయిన తీరు చూసి పక్కనున్న అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత కత్తి ఎత్తడం, దేవతలు ప్రత్యక్షం కావడం, బిడ్డ లేచి కూర్చోవడం అందరికీ తెలిసిందే. ఇంటికి నడుస్తుంటే నాయన అడిగాడు: "ఇంతకూ ఆ సుంకం ఎవరు కట్టినట్టురా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పు సంగతి ఆయనకు తెలుసు. వానల్లేక వరసగా శనక్కాయ పంట ఎండిపోయిన కాలంలో, నక్షత్రకుడిలా వెంటపడిన ఒక వడ్డీ వ్యాపారి మా వాకిట్లో మంచం వేసుకుని కూర్చునేవాడు. ఒక్క రూపాయి తగ్గించలేదు. చివరికి మా పెద్దనాయన తన ఎద్దుల జత అమ్మి లెక్కంతా కట్టాడు. ఆ ఏడాది ఆయన చేను బాడుగ ఎద్దులతో, అందరికంటే ఆలస్యంగా దున్నుకున్నాడు.

బైబిల్లో కొలొస్సయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 14వ వచనంలో, మన మీద ఉన్న అప్పు పత్రాన్ని దేవుడు ఏం చేశాడో చెబుతూ "పత్రమును మేకులతో సిలువకు కొట్టి, దానిమీది చేవ్రాతను తుడిచివేసి" అని ఉంటుంది. దేవుడు పెద్ద మనసుతో పోనీలే అని వదిలేశాడని చాలాకాలం అనుకున్నాను. ఆ రాత్రి నుంచి అలా చదవలేకపోతున్నాను. కాటిలో రాజుకు లేనివి రెండూ, మాఫీ చేసే హక్కూ కట్టే స్తోమతా, ఆయనకు ఉన్నాయి. ఉండీ మాఫీ దారి పట్టలేదు, తన బిడ్డ యేసుతో కట్టాడు. యేసును సిలువ వేసిన కల్వరిలో అడ్డం పడడానికి ఎవరూ ప్రత్యక్షం కాలేదు. లోహితాస్యుడు నిమిషాల్లో లేచాడు. అక్కడ తల్లి మూడో దినం దాకా ఆగాల్సి వచ్చింది.

హరిశ్చంద్రుణ్ణి క్రీస్తును చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన తన మాట కోసం ఆలినీ బిడ్డనూ అమ్మాడు, ఆ పని నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా ఆ సుంకం దగ్గర ఆయన పడిన నలుగుడు లేకపోతే ఈ వచనం నాకు ఇంత దగ్గరగా వచ్చేది కాదు.

అప్పు తీరిన రోజు సంతకం చించి ఇచ్చిన ప్రామిసరీ నోటును నాయన తన బైబిల్లోనే దాచుకున్నాడు. కొలొస్సయుల దగ్గరే ఉంటుందనుకుని తీసి చూశాను. సంఖ్యాకాండంలో ఉంది. ఇక్కడెందుకు పెట్టావు నాయనా అంటే, "ఆ పొద్దు కండ్లు కనబడలేదురా, తెరుచుకున్న చోట పెట్టినా" అన్నాడు.