చంటిదాని సీటు

"రెండేళ్లు నిండితే ఒళ్లో కుదరదండీ, సీటు కొనాల్సిందే" అన్నాడు అమలాపురంలో టికెట్లు బుక్ చేసే కుర్రాడు. మా బుడ్డిదానికి లండన్‌లో ఉండగానే 2 ఏళ్లు నిండుతాయి. అంటే వెళ్లేటప్పుడు నా ఒళ్లో, వచ్చేటప్పుడు దర్జాగా సీట్లో!

ఇంటికొచ్చేసరికి మా ఆయన క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న ప్లాను (10 రోజులు, 4 దేశాలు) ముద్దపప్పులో తడిసి ఉంది. సరిగ్గా పారిస్ మీద ఐదు వేళ్లూ అచ్చుపడ్డాయి. ఎవరి పనో చెప్పక్కర్లేదు.

మొన్న రాజమండ్రి వెళ్లడానికే మూడుసార్లు కారు ఆపించింది. అందులో ఒకటి రావులపాలెంలో, అరటిగెలలకి టాటా చెప్పడానికి. దీన్ని పెట్టుకుని నాలుగు దేశాలా?

పైగా వేసవిలో లండన్ టైము మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. ఇక్కడ పొద్దున్నే 6 గంటలకి లేచే పిల్ల అక్కడ అర్ధరాత్రి ఒకటిన్నరకే లేచి ఆటలు మొదలెడుతుంది. మొదటి మూడు రోజులు ఏమీ పెట్టుకోవద్దన్నాను. ఒకటే ఊరు, వంటిల్లున్న ఇల్లు, పక్కనే పార్కు. మా ఆయన మొహం కాస్త ముడుచుకుంది గానీ, కాదనలేదు.

అత్తయ్యగారు మాత్రం ఆత్రేయపురం పూతరేకులు ఏ సూట్‌కేసులో సర్దాలని అప్పుడే అడుగుతున్నారు. ప్రయాణానికి ఇంకా మూడు నెలలుంది!