ముత్యపు చిప్పను పోల్చుకోవాలంటే ముందు కీలు చూడండి

ముత్యపు చిప్పనూ తినే ఆల్చిప్పనూ చాలామంది ఒకే గాట కట్టేస్తారు. జీవుల వర్గీకరణలో రెండింటి క్రమం ఒకటే, ఆస్ట్రీడా. కుటుంబాలు మాత్రం వేరు. తినేవాటిది ఆస్ట్రీడే కుటుంబం. అవి ఎడమ చిప్పతో రాయికి అతుక్కుపోయి మళ్లీ కదలవు. ముత్యపు చిప్పలది పింక్టాడా ప్రజాతి. పాత పుస్తకాల్లో టెరిడే కుటుంబం అని ఉంటుంది, ఇప్పుడు మార్గరిటిడే అంటున్నారు. ఇవి తమ ఒంట్లోంచి తీసే బైసస్ అనే గట్టి దారాలతో రాయిని పట్టుకుంటాయి. ఆ దారాలు బయటికొచ్చే గాడి కుడి చిప్పకు, ముందు చెవి (కీలుకు ముందు పక్క పొడుచుకొచ్చిన భాగం) కింద ఉంటుంది. అది దొరికితే కుడి ఏదో ఎడమ ఏదో ఇక వెతుక్కోనక్కర్లేదు.

కడిగేటప్పుడు ఇనప బ్రష్ వాడకండి. అంచున పెరిగే పలుచని పొలుసులు విరిగిపోతాయి, జాతి గుర్తించడానికి అవీ కావాలి.

తర్వాత కీలు, అంటే రెండు చిప్పలూ కలిసే చోటు, తెరిచి దంతాల్లాంటి చిన్న బొడిపెలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే అది పింక్టాడాలో మార్గరిటిఫెరా జాతి గానీ మాక్సిమా జాతి గానీ అయ్యుంటుంది. లోపలి అంచు నల్లగా ఉంటే మార్గరిటిఫెరా. మన అండమాన్‌లో దొరికేది ఇదే. అంచు వెండి రంగులోనో బంగారు రంగులోనో ఉండి, చిప్ప బాగా పెద్దదైతే మాక్సిమా.

దంతాలుంటేనే అసలు చిక్కు. మన్నార్ సింధుశాఖలో ఫ్యూకాటా, కెమ్నిట్జై, సుగిల్లాటా అనే మూడు పింక్టాడా జాతులూ కలిసే దొరుకుతాయి. గోధుమ రంగు మీద లేత చారలు మూడింటికీ ఉండొచ్చు కాబట్టి రంగును నమ్మొద్దు. ఫ్యూకాటాకు ఎడమ చిప్ప లోతుగా ఉంటుంది, ముత్యపు పొర బంగారు ఛాయలో మందంగా మెరుస్తుంది. కెమ్నిట్జై చదునుగా ఉంటుంది, వెనక చెవి బాగా ఎదుగుతుంది. సుగిల్లాటాలో ఆ చెవి అంతగా ఎదగదు, దంతాలు చిన్నగా గుండ్రంగా ఉంటాయి. పిల్ల చిప్పల్లో ఈ తేడాలు తేలవు. వాటికి పింక్టాడా అని మాత్రమే రాసి, డీఎన్ఏ పరీక్షకు కొంచెం కండ తీసి ఉంచడం మేలు. డీఎన్ఏతోనూ అన్నీ తేలిపోవు: ఫ్యూకాటా, ఇంబ్రికాటా, ఒకప్పుడు హైదరాబాద్‌లో పేరుమోసిన బస్రా ముత్యాలనిచ్చిన రేడియాటా, ఈ మూడూ వేర్వేరు జాతులా కాదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

కాకినాడ అఖాతంలో బురద మీద పడుండే పలుచని చిప్ప ప్లాకునా ప్లాసెంటా. వెలుతురును లోపలికి రానిస్తుంది, చిన్న ముత్యాలూ ఇస్తుంది, అయినా పింక్టాడాకు దగ్గరి చుట్టం కాదు. దాని క్రమం పెక్టినిడా. కీలు దగ్గర V అక్షరంలా విచ్చుకున్న రెండు గట్లు చూస్తే తెలిసిపోతుంది.

నమూనా దాచేటప్పుడు రెండు చిప్పలనూ దారంతో కలిపి కట్టండి. దొరికిన చోటు, లోతు, దేనికి పట్టుకుని ఉందో చీటీ మీద పెన్సిల్‌తో రాయండి. సిరా తడికి చెదిరిపోతుంది.